30, 40 కిలోలు తగ్గాల్సినవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి ముహూర్తంలోగా నాలుగైదు కిలోలు తగ్గి పాత జాకెట్టు పట్టేలా చూసుకోవాలనుకునేవారి కోసం రాసింది కాదిది. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం, కింద కూర్చుంటే లేవడానికి గోడ ఆసరా, బస్సులో కూర్చుంటే పక్కవారి చూపులు, ఇవన్నీ అనుభవంలో ఉన్నవారి కోసం. ఆపరేషన్ జోలికి పోకుండా తిండినీ కదలికనూ మార్చుకుని బాగా తగ్గాలనుకునేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. అయిదు కిలోలు పళ్ల బిగువున నెలన్నరలో తగ్గవచ్చు. 40 కిలోలు అలా తగ్గవు, తగ్గినా నిలవవు. అందుకే ఇక్కడ ప్రతి పద్ధతినీ ఒక్క ప్రశ్నతోనే తూచాను: రెండేళ్ల తర్వాత కూడా ఇది మీ ఇంట్లో జరిగే పనేనా?

అసలు నేనెంత తగ్గాలి? ఎత్తు, బరువు పట్టిక చూస్తే భయమేస్తోంది.

బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 నుంచి అధిక బరువు, 30 నుంచి స్థూలకాయం. మన దేశంలో వైద్యులు ఆ గీతలను 23కీ, 25కీ దించారు. మనవారికి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి మధుమేహం వస్తుండటమే కారణం. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదనడం కూడా అందుకే.

165 సెంటీమీటర్ల ఎత్తు, 110 కిలోల బరువు ఉన్నారనుకుందాం. బీఎంఐ 40 దాటుతుంది. 23కు రావాలంటే 63 కిలోలకు దిగాలి, అంటే 47 కిలోలు తగ్గాలి. ఈ అంకె చూసి ఆ పూటే ఆశ వదులుకునేవారు చాలామంది. పట్టికను మడిచి బీరువాలో పెట్టండి. మొదటి మజిలీ మీ బరువులో పదో వంతు, ఈ లెక్కలో 11 కిలోలు. అంత తగ్గేసరికే రక్తపోటు, రక్తంలో చక్కెర, ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు దిగడం మొదలవుతుంది, గురక నెమ్మదిస్తుంది. ఇక మోకాళ్ల సంగతి: కీళ్లు అరిగిన పెద్దవారిపై అమెరికాలో చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలిపై పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని అందులో తేలింది. 11 కిలోలకు అది 44 కిలోలు. మెట్ల దగ్గర మీకే తెలుస్తుంది.

ఎన్నాళ్లు పడుతుంది?

కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. 40 కిలోలకు మూడు లక్షల పైచిలుకు. ఖర్చు కంటే రోజుకు 600 కేలరీలు తక్కువ తింటూ పోతే కాగితం మీద 17 నెలలు. కాగితం మీద అని ఎందుకన్నానంటే, ఒళ్లు తగ్గేకొద్దీ అది ఖర్చు చేసేదీ తగ్గుతుంది. అందుచేత రెండేళ్లు అనుకుని దిగండి. వారానికి అర కిలో నుంచి కిలో వరకు తగ్గడం మంచి వేగమే.

మొదటి రెండు వారాల్లో మూడు నాలుగు కిలోలు పోతే పొంగిపోవద్దు. కాలేయంలో, కండరాల్లో చక్కెర నిల్వగా ఉండే గ్లైకోజెన్ తనతోపాటు మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే ఆ రెండూ పోతాయి. "వారంలో నాలుగు కిలోలు" అనే ప్రకటనలన్నీ బతికేది ఈ నీటి మీదే.

డాక్టరును కలవకుండా మొదలుపెట్టవచ్చా?

మందులేవీ వాడనివారు పెద్దగా ఇబ్బంది లేకుండా మొదలుపెట్టవచ్చు, అయినా ఓసారి రక్త పరీక్షలు చేయించుకోవడం మేలు. షుగరుకు గ్లిమిపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో వాడేవారు మాత్రం డాక్టరుతో మాట్లాడకుండా తిండి తగ్గించకూడదు. పాత మోతాదు మందు, కొత్త మోతాదు తిండి కలిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. బీపీ మాత్రలదీ అదే దారి. బరువు తగ్గేకొద్దీ మోతాదు తగ్గించాల్సి వస్తుంది. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే అది నీరసమని సరిపెట్టుకోకుండా రక్తపోటు చూపించుకోండి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ పేజీని ఆధారం చేసుకోవద్దు.

ఇందులోనే ఒక శుభవార్త. 2017లో బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఆరేళ్ల లోపు టైప్ 2 మధుమేహం ఉన్న 306 మందిలో సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగం మందికి మూడు నుంచి అయిదు నెలల పాటు రోజుకు దాదాపు 850 కేలరీల ద్రవాహారం, ఆ తర్వాత క్రమంగా మామూలు తిండి. ద్రవాహారం తీసుకున్నవారిలో ఏడాది గడిచేసరికి 46 శాతం మంది మందుల అవసరం లేకుండా మధుమేహం నుంచి బయటపడ్డారు. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిని మాత్రమే లెక్కిస్తే 86 శాతం. రెండో ఏటికి మొత్తం మీద ఆ సంఖ్య 36 శాతానికి దిగిందనేదీ గుర్తుంచుకోవాలి. బరువు తిరిగి వస్తే జబ్బూ వెంట వస్తుంది. ఇదంతా వైద్యుల పర్యవేక్షణలో జరిగింది, ఇంట్లో సొంతంగా చేసేది కాదు.

తిండి ముఖ్యమా, వ్యాయామమా?

తగ్గడానికి తిండి, తగ్గింది నిలుపుకోవడానికి నడక. 100 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే 350 కేలరీలు ఖర్చవుతాయి, అందులో వంద దాకా ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. మిగిలిన 250 తిరిగి రావడానికి రెండు పెద్ద చెంచాల నూనె చాలు. పార్కు బయట టిఫిన్ బండి దగ్గర ఆ గంట నడక అయిదు నిమిషాల్లో చెల్లిపోతుంది.

అన్నం మానేయాలా?

అందరూ మొదట అడిగేది ఇదే, సగం మంది తప్పు జవాబు విని వెళ్లేదీ ఇక్కడే. వంద గ్రాముల బియ్యంలో 350 కేలరీలు. జొన్న పిండిలోనూ, కొర్రల్లోనూ ఇంచుమించు అంతే. అన్నం మానేసి కొర్రన్నం కడుపునిండా తింటే తగ్గేదేమీ ఉండదు, కిరాణా బిల్లు పెరుగుతుంది. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, రొట్టె నమలడానికి సమయం పడుతుంది, నాలుగోది తినబుద్ధి కాదు. అసలు ఉపయోగం అదే, దాన్ని కాదనను. తేలిగ్గా అనిపిస్తే జొన్నరొట్టెకు మారండి. మారకపోయినా పాపం లేదు.

మన భోజనం చిక్కు బియ్యం రకంలో లేదు, కలుపుకునే పద్ధతిలో ఉంది. పప్పుకు ఒక దఫా, పులుసుకో చారుకో ఇంకో దఫా, పెరుగుకు మరో దఫా, మధ్యలో పచ్చడికి రెండు ముద్దలు. వంటకం ఏదైనా దాని అడుగున అన్నం ఉండి తీరాలి. కూర అన్నానికి తోడే తప్ప సొంతంగా తినే పదార్థం కాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని చెప్పింది. మన దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉందని కూడా అదే పత్రం చెబుతోంది.

కాబట్టి బియ్యాన్ని కొలవండి, అదీ వండక ముందే. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పు నిండా దాదాపు 150 గ్రాములు పడుతుంది, అంటే 525 కేలరీలు. పూటకు అందులో సగం మీ వాటా. వండాక గిన్నెలోంచి వడ్డించుకుంటే ఎవరి లెక్కా నిలవదు. ముందు కంచంలో కూర పెట్టుకోండి, ఒక గరిటెతో ఆగకుండా కంచంలో సగం దాకా. దొండకాయ, బీరకాయ, సొరకాయ, గోరుచిక్కుడు, తోటకూర, ఏదైనా సరే. బంగాళదుంప, కంద, చామదుంపలను మాత్రం కూరల్లో కాకుండా అన్నం లెక్కలో వేయాలి. పప్పును జారుగా కాకుండా గట్టిగా వండించుకుని కప్పులో తినండి. పెరుగన్నం దఫాను వదిలేసి పెరుగును విడిగా తాగండి లేదా తినండి. తెలుగువారికి అన్నిటికన్నా కష్టమైన మార్పు ఇదే. పెరుగన్నం తినకపోతే భోజనం ముగిసినట్టే అనిపించదు. అలా అనిపించేవారు పులుసు దఫాను తగ్గించుకుని, దాని వాటా పెరుగుకు మళ్లించుకోవచ్చు.

రోజంతా ఏం తినాలో ఒక ఉదాహరణ చెప్పండి.

పైన చెప్పిన 110 కిలోల మనిషి నడి వయసు స్త్రీ అయితే రోజుకు సుమారు 2,400 కేలరీలు ఖర్చు చేస్తుంది. 1,700 దగ్గర తింటే తగ్గుతుంది. పొద్దున 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, రెండు చిన్న చెంచాల నూనెతో. ఉప్మా పెట్టకండి, అందులో మళ్లీ ధాన్యం, మళ్లీ నూనె. మధ్యాహ్నం 75 గ్రాముల బియ్యం అన్నం, గట్టి పప్పు, 30 గ్రాముల సోయా ముక్కలు వేసి వండిన కూర, ఒక కప్పు పెరుగు. సాయంత్రం చక్కెర లేని టీ, గుప్పెడు వేయించిన శనగలు. రాత్రి రెండు పుల్కాలు, మూడు గుడ్లతో ఉల్లిపాయ కూర. ఇందులో 80 గ్రాముల దాకా మాంసకృత్తులు అందుతాయి. చేప, చికెన్ తినేవారికి ఇంకా సులువు. ఆడవారు 1,200, మగవారు 1,500 కేలరీల కంటే కిందికి వైద్యుల పర్యవేక్షణ లేకుండా దిగకూడదు.

మాంసకృత్తుల మీద ఎందుకంత పట్టు?

తగ్గే ప్రతి కిలోలో కొంత కండ కూడా పోతుంది. చూసుకోకపోతే దాదాపు నాలుగో వంతు. కండ పోయిందంటే బలం పోయినట్టు, శరీరం ఖర్చు చేసే శక్తీ తగ్గినట్టు. మామూలు మనిషికి భారత వైద్య పరిశోధన మండలి కిలో బరువుకు 0.83 గ్రాములు చాలంటుంది. బరువు తగ్గుతున్నవారికి చేరుకోదలచిన బరువు మీద కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు అవసరం. గుడ్డుకు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పుకు 6 నుంచి 7, కప్పు పెరుగుకు 5, వంద గ్రాముల పచ్చి చికెన్‌కు 20 పైన. శాకాహారులకు సోయా ముక్కలే ఆధారం, ఎండు బరువులో సగం మాంసకృత్తులే. వేరుశనగలోనూ బాగానే ఉన్నాయి గానీ వంద గ్రాములకు 560 కేలరీలు దాటుతాయి. గుప్పెడుతో ఆగలేని నాబోటివారు ఆ డబ్బాను పై అరలో పెట్టాలి.

నూనె ఎంత వాడవచ్చు?

ఇంటికి నెలకు వచ్చే నూనెను మనుషుల సంఖ్యతో భాగించండి. నలుగురికి నాలుగు లీటర్లయితే మనిషికి రోజుకు 33 మిల్లీలీటర్లు, 270 కేలరీలు. నెయ్యి, పచ్చడిలో తేలే నూనె, బయట తినే బజ్జీ దీనికి అదనం. ఈ లెక్క చేయమంటే చాలా ఇళ్లలో ఆరు లీటర్లని తేలుతుంది. ఆవకాయ ముక్క తినండి, ముద్దపప్పులో పైనూనె పోసుకోవడం ఆపండి. నెయ్యి ఒక చిన్న చెంచాకు 45 కేలరీలు, వేసుకోవాలనుకుంటే కొలిచి వేసుకోండి. గానుగ నూనె అయినా రిఫైన్డ్ అయినా ఈ విషయంలో తేడా ఉండదు.

ద్రవాహారం, కొబ్బరినూనె, కీటో... వీటితో చాలామంది తగ్గారు కదా?

తగ్గారు. వీరమాచనేని రామకృష్ణ చెప్పిన కొవ్వు ఆధారిత ఆహార పద్ధతి కొన్నేళ్ల క్రితం రెండు రాష్ట్రాల్లోనూ ఇంటింటి మాటైంది. అన్నం, రొట్టె, పళ్లు, చక్కెర అన్నీ ఒక్కసారిగా మానేస్తే రోజుకు వందల కేలరీలు వాటంతటవే పోతాయి, ఆకలీ కొంత మందగిస్తుంది. తొలి వారాల నీరు దానికి తోడు. అందులో మాయ లేదు, మోసమూ లేదు. కొవ్వు తగ్గించి తినేవారు, పిండి పదార్థాలు తగ్గించి తినేవారు అని 609 మందిని రెండు జట్లుగా చేసి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఏడాది పాటు చూసింది. 2018లో ఫలితం వచ్చింది: ఒక జట్టు సగటున 5.3 కిలోలు, ఇంకోటి 6 కిలోలు. చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు జట్లలోనూ 20 కిలోలు దాటి తగ్గినవారున్నారు, ఉన్న బరువు కంటే పెరిగినవారూ ఉన్నారు. పద్ధతి కన్నా దాన్ని పట్టుకుని ఉండగలగడమే ఎక్కువ లెక్కకు వచ్చింది.

నా అభ్యంతరం వేరు. పెద్ద కుటుంబంలో, పండగలున్న ఇంట్లో, బియ్యం పండే నేల మీద అన్నాన్ని జీవితాంతం వదిలేయగలవారు తక్కువ. మూడు నెలలకు చాలించి మళ్లీ పాత భోజనానికి వస్తే బరువు వడ్డీతో సహా వస్తుంది. ఇంకో హెచ్చరిక: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మందులు వాడుతూ పిండి పదార్థాలు పూర్తిగా మానేస్తే, పరీక్షలో చక్కెర మామూలుగానే కనిపిస్తూ కీటోఅసిడోసిస్ (రక్తం ఆమ్లంగా మారిపోవడం) వచ్చే ప్రమాదం ఉంది. అది ఆసుపత్రిలో చేరాల్సిన పరిస్థితి.

పదహారు గంటల ఉపవాసం?

కుదిరితే చేయండి. 2022లో చైనాలో 139 మందిపై ఏడాది సాగిన పరిశోధనలో, ఒకే సంఖ్య కేలరీలు తింటున్నప్పుడు ఎనిమిది గంటల్లో తిన్నవారికీ, రోజంతా తిన్నవారికీ బరువులో గణనీయమైన తేడా రాలేదు. రాత్రి పదకొండుకు ఫ్రిజ్ తలుపు తెరిచే అలవాటున్నవారికి ఇది మంచి తాళం.

మొత్తానికే తినడం మానేస్తే త్వరగా తగ్గుతాను కదా?

ఆ పని చేసినవాడొకడున్నాడు. స్కాట్లాండ్‌కు చెందిన ఆంగస్ బార్బియేరి 1965 జూన్ నుంచి 382 రోజులు ఘనాహారం ముట్టకుండా 207 కిలోల నుంచి 82 కిలోలకు దిగాడు. డండీలోని ఆసుపత్రి వైద్యులు క్రమం తప్పకుండా రక్తం పరీక్షిస్తూ, విటమిన్లు, కొంతకాలం పొటాషియం ఇస్తూ కనిపెట్టుకుని ఉన్నారు. అయిదేళ్ల తర్వాత కూడా అతని బరువు 89 కిలోలే. ఇంతవరకు చెప్పి ఆపేసే వీడియోలు చాలా ఉన్నాయి. అదే కాలంలో ఇలాంటి దీర్ఘ ఉపవాసాల్లో మరికొందరు రోగులు చనిపోయారని, ఆ తర్వాత వైద్యులు ఈ చికిత్సను వదిలేశారని అవి చెప్పవు.

రెండు నెలలుగా తూకంలో ముల్లు కదలడం లేదు. ఏం చేయాలి?

రెండు వారాలైతే ఏమీ చేయకండి. ఉప్పు, నెలసరి, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన వ్యాయామం, వీటిలో ఏదైనా ఒకటి రెండు కిలోల నీటిని దాచగలదు. రెండు నెలలైతే లెక్క మారిందని అర్థం. 110 కిలోలప్పుడు తగ్గించిన తిండి 90 కిలోలకు సరిపడా తిండి అయి కూర్చుంటుంది.

దానికంటే ఎక్కువగా జరిగేది, మనకు తెలియకుండా తినడం. "ఏమీ తినకపోయినా తగ్గడం లేదు" అని చెప్పినవారిని అమెరికా పరిశోధకులు పరీక్షించి 1992లో ఫలితం ప్రకటించారు. వారు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారు. అబద్ధమాడి కాదు, నిజంగానే అలా అనుకుని. మన ఇళ్లలో ఆ లెక్కకు రానివి: పిల్లలు వదిలేసిన దోశ ముక్క పారేయలేక నోట్లో వేసుకోవడం, ఉప్పు చూడటానికని రెండు గరిటెలు, రోజుకు నాలుగు టీల్లో ఎనిమిది చెంచాల చక్కెర (160 కేలరీలు), ఎవరింటికి వెళ్లినా వద్దనలేని పళ్లరసం. పొద్దున్నే నిమ్మరసంలో కలిపే పెద్ద చెంచా తేనె 60 కేలరీలు. కొవ్వు కరుగుతుందని తాగేదానికే లెక్క లేకపోవడం ఈ జాబితాలో నాకు ఎప్పుడూ నవ్వు తెప్పించే అంశం. ఒక వారం పాటు నోట్లోకి పోయే ప్రతిదాన్నీ కాగితం మీద రాయండి. జవాబు చాలావరకు అందులోనే దొరుకుతుంది.

నాకు థైరాయిడ్ ఉంది, అందుకే తగ్గడం లేదేమో?

థైరాయిడ్ తక్కువగా పనిచేయడం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి అయిదు కిలోలు, అందులోనూ నీరే ఎక్కువ. మాత్ర సరైన మోతాదులో పడుతుంటే తగ్గడానికి అడ్డు లేదు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే సమస్య) ఉన్నవారికి ఆకలి, అలసట ఎక్కువ గనుక దారి కష్టమే. కానీ అయిదు నుంచి పది శాతం తగ్గినా నెలసరి గాడిలో పడటం చాలామందిలో కనిపిస్తుంది. మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులు, స్టెరాయిడ్లు, ఇన్సులిన్ కూడా బరువు పెంచుతాయి. సొంతంగా ఆపకండి, ప్రత్యామ్నాయం ఉందేమో డాక్టరును అడగండి.

ఈ బరువుతో ఏ వ్యాయామం మొదలుపెట్టాలి?

ప్రతి భోజనం తర్వాత పది నిమిషాల నడక. అంతే. మూడు పూటలా కలిపితే అరగంట, వారానికి 210 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరే కనీసం 150 నిమిషాలే. వంటింటి పనిలో గంట విడిగా దొరకని ఆడవారికి ఇది కుదిరే పద్ధతి. ఇంటి డాబా మీదైనా, వీధిలోనైనా సరే, చెప్పులతో కాకుండా బూట్లతో నడవండి. వేసవిలో ఎండ ఉన్నప్పుడు బయట వద్దు, ఇంట్లోనే నడవండి. ఎండలో చెమట పట్టడం వల్ల కొవ్వు కరగదు, వడదెబ్బ తగులుతుంది.

నెల గడిచాక కండకు పని చెప్పండి. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకు చేతులానించి దండీలు పదిసార్లు, చెరో చేతిలో లీటరు నీళ్ల సీసాతో పైకెత్తడం. వారానికి రెండు మూడు రోజులు చాలు. సూర్యనమస్కారాలు, గెంతే వ్యాయామాలు, పరుగు ఇప్పుడే వద్దు. 110 కిలోలను మణికట్టు మీద, మోకాలి మీద వేయడానికి ఆ కీళ్లు సిద్ధంగా ఉండవు. ఈత దొరికేవారు అదృష్టవంతులు. ఛాతీలో నొప్పి, దవడకో చేతికో పాకే నొప్పి వస్తే అక్కడే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

జుట్టు రాలిపోతోంది. ముఖం పీక్కుపోయిందని అందరూ అంటున్నారు.

వేగంగా తగ్గితే రెండు మూడు నెలల తర్వాత జుట్టు రాలడం మామూలే. మాంసకృత్తులు, ఇనుము చాలినంత అందుతుంటే కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. వారానికి కిలోన్నర మించి తగ్గేవారికి పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. తిన్నాక కుడి డొక్కలో నొప్పి వస్తే అశ్రద్ధ చేయవద్దు. 40 కిలోలు తగ్గాక పొట్ట, చేతుల కింద చర్మం వేలాడుతుంది. వయసు, ఎన్నేళ్లు ఆ బరువుతో ఉన్నారన్నది బట్టి ఎక్కువ తక్కువలుంటాయి. ఏ నూనె మర్దనా దాన్ని పూర్తిగా లాగలేదు, శస్త్రచికిత్స ఒక్కటే తీయగలదు. ముందే తెలిసి ఉంటే మంచిదని చెబుతున్నాను.

"చిక్కిపోయావు, షుగరు వచ్చిందా?" అనే పలకరింపులకు మాత్రం మందు లేదు.

పెళ్లిళ్లు, పండగలు, అమ్మ వడ్డింపు... ఎలా?

ఏడాదికి వెయ్యి భోజనాలు పైనే తింటాం. పది పెళ్లిభోజనాలు మిమ్మల్ని లావు చేయలేవు. పెళ్లిలో తినండి. ఇంటికి తెచ్చిన మిఠాయి పెట్టెను మాత్రం పనివారికో పక్కింటికో ఇచ్చేయండి. సంక్రాంతి రోజు రెండు అరిసెలతో నష్టం లేదు. శివరాత్రి దాకా ఖాళీ కాని జంతికల డబ్బాతోనే నష్టం.

ఇంట్లోవారికి వేరు, మీకు వేరు వండే ఏర్పాటు రెండు నెలలు మించి నడవదు. వండేవారు విసిగిపోతారు, వండేది మీరే అయితే ఇంకా త్వరగా. అదే కూర, అదే పప్పు, మీ కంచంలో పాళ్లు వేరు. అమ్మ, అత్తగారు కొసరి వడ్డిస్తే "ఇంకొంచెం కూర వేయి, అన్నం వద్దు" అనండి. పూర్తిగా వద్దనడం కంటే ఈ మాట తేలిగ్గా చెల్లుతుంది.

తగ్గినవారంతా మళ్లీ పెరుగుతున్నారు. ఇంత కష్టం ఎందుకు?

ఈ ప్రశ్నకు తీపి జవాబు లేదు. అమెరికాలో బరువు తగ్గే పోటీగా ఒక టీవీ కార్యక్రమం నడిచింది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితం ప్రచురించారు. 30 వారాల్లో సగటున 58 కిలోలు తగ్గినవారు ఆరేళ్లలో 41 కిలోలు తిరిగి పెరిగారు. అంతకన్నా ఆశ్చర్యం, వారి శరీరాలు అదే బరువున్న ఇతరుల కంటే రోజుకు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూసింది మరో వైపు: తగ్గిన ఏడాది తర్వాత కూడా ఆకలిని పెంచే గ్రెలిన్ ఎక్కువగా, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తక్కువగానే ఉన్నాయి. శరీరం పోయిన కొవ్వును కరువుగా లెక్కిస్తుంది, తిరిగి తెచ్చుకునే దాకా ఆకలి కేకలు వేయిస్తుంది. తిరిగి పెరిగినవారికి మనోబలం లేదనే మాట నేను ఒప్పుకోనిది ఇందుకే.

అయినా నిలుపుకున్నవారున్నారు. 1994లో అమెరికాలో మొదలైన జాతీయ బరువు నియంత్రణ రిజిస్ట్రీలో, కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదికి పైగా నిలుపుకున్నవారు పదివేల మందికి పైగా పేర్లిచ్చారు. సగటున 30 కిలోలు తగ్గి అయిదున్నరేళ్లు నిలుపుకున్నవారు వీరు. తగ్గిన దారులు రకరకాలు. నిలుపుకున్న తీరులో మాత్రం పోలికలున్నాయి: 90 శాతం మంది సగటున రోజుకు గంట వ్యాయామం చేస్తారు, 78 శాతం రోజూ ఉదయం తింటారు, 75 శాతం వారానికి ఒకసారైనా తూకం చూసుకుంటారు, 62 శాతం టీవీ వారానికి పది గంటల కంటే తక్కువ చూస్తారు. వీరంతా తమంతట తామే చేరినవారు కాబట్టి అందరికీ ఇదే జరుగుతుందని చెప్పలేం. కానీ రెండు మూడు కిలోలు పెరగగానే పట్టించుకునే అలవాటు, పది కిలోలు పెరిగాక మళ్లీ మొదలుపెట్టడం కంటే చాలా తేలిక. పది శాతం తగ్గాక మూడు నెలలు అక్కడే నిలబడటం సాధన చేయండి, ఆ తర్వాత తదుపరి మజిలీకి కదలండి. నిలబడటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి కదా?

వచ్చాయి. 2025లో మన దేశంలో మౌంజారో, వెగోవీ అమ్మకాలు మొదలయ్యాయి. పరీక్షల్లో వెగోవీలోని మందు సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం, మౌంజారోలోని మందు టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో 72 వారాల్లో 21 శాతం దాకా బరువు తగ్గింది. తిండి, నడకతో మాత్రమే సగటు మనిషి సాధించేదానికి ఇది రెండింతల పైమాటే. ఆపేస్తే ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగి వచ్చినట్టు సెమాగ్లుటైడ్ పరిశోధకులే చూపించారు. బీఎంఐ బాగా ఎక్కువై, మధుమేహమో గురక జబ్బో ముదిరినవారు మందునో ఆపరేషన్‌నో ఎంచుకుంటే అది ఓటమి కాదు. వారికీ కూర ఎక్కువ, అన్నం తక్కువ కంచమే కావాలి, కండ కాపాడుకునే పని మరీ ఎక్కువ.

ఎలాంటి తూకం కొనాలి?

ఇళ్లలో వాడే డిజిటల్ తూకాల్లో చాలావాటి పరిమితి 150 లేదా 180 కిలోలు. కొనేముందు పెట్టె మీద చూడండి. ఆ పరిమితి దాటినవారు ఆసుపత్రిలోనో, బియ్యం బస్తాలు తూచే కాటా మీదో నెలకోసారి చూసుకోవచ్చు. కొవ్వు శాతం, ఎముక బరువు అంటూ పది అంకెలు చూపే ఖరీదైన రకం అవసరం లేదు, ఆ అంకెలు తాగిన నీటిని బట్టే మారిపోతాయి. తూకాన్ని గచ్చు మీద, ఒకే చోట పెట్టి, పొద్దున బాత్రూముకు వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు చూడండి. రోజూ చూస్తే మనసు చెదిరేవారు వారానికి ఒకరోజు పెట్టుకోండి, ఆదివారం విందు మర్నాడు మాత్రం వద్దు.